మన్ను పూసుకున్నాక

జహీరాబాద్‌లో నేను అద్దెకున్న గదికి ఒక్కటే కిటికీ. అది తాలీం వైపు తెరుచుకునేది. తాలీం అంటే పహిల్వాన్లు సాధన చేసే చోటు. నాలుగు మట్టి గోడలు, పైన రేకులు, మధ్యలో మెత్తగా తవ్వి జల్లించిన ఎర్రమట్టి గోదా. తెల్లవారకముందే అక్కడ దండీలు తీసేవాళ్ల ఊపిరి చప్పుడు మొదలయ్యేది. నేను దానికే నిద్రలేచేవాణ్ణి. నన్ను లేపడానికి మనుషులెవరూ లేరు కాబట్టి ఆ చప్పుడు మీద నాకొక అభిమానం ఏర్పడింది.

అవి డెబ్బైల చివరి రోజులు. హైదరాబాద్ నుంచి వెలువడే ఒక దినపత్రికకు ఆ చుట్టుపక్కల వార్తలు పంపడం నా పని. చెరుకు ధర, అల్లానికి పట్టిన తెగులు, రోడ్డు మీద బోల్తాపడిన లారీ, మంత్రిగారి పర్యటన. సాయంత్రానికి రాసి, కవరులో పెట్టి, హైదరాబాద్ పోయే బస్సు డ్రైవరు చేతికిచ్చేవాణ్ణి. బస్సు మలుపు తిరిగిందంటే ఇక ఆ రోజుకు నాతో ఎవరికీ పని ఉండేది కాదు.

జొన్నలు ఇళ్లకు చేరాక జాతరలు మొదలయ్యేవి. కోహీర్ వైపు, న్యాల్‌కల్ వైపు, రాయికోడ్ పల్లెల్లో, ఒకదాని వెనక ఒకటి. ప్రతి జాతరకూ చివరి రోజు కుస్తీలు. పిల్లలకు కొబ్బరికాయ బహుమతిగా ఇచ్చే కుస్తీతో మొదలై, పొద్దు వాలే వేళకు వెండి కడెం కుస్తీతో ముగిసేవి. పత్రికకు కావలసింది కడెం ఎవరికి దక్కిందన్నది ఒక్కటే. ఆ నాలుగు వాక్యాల కోసం నేను పొద్దంతా ఎండలో కూర్చునేవాణ్ణి. చూడగా చూడగా నా కళ్లు గోదా మీద నుంచి జనం మీదికి మళ్లాయి.

కొత్తగా వచ్చిన పహిల్వాన్‌ను జనం ఎప్పుడు తమవాడనుకుంటారు? ఇది నాకు చాలాకాలం అంతుపట్టలేదు. గెలుపు ఒక్కటే చాలదు. గెలిచి కడెం తొడుక్కుని పోయినవాణ్ణి మరుసటి ఏడు ఎవరూ గుర్తుపట్టకపోవడం చూశాను. తొడ చరిస్తే ఆ చప్పుడు వెనక బండ్ల మీద కూర్చున్నవాళ్ల దాకా వినపడాలి. కుస్తీని మరీ తొందరగా ముగించకూడదు. ఎక్కడెక్కడి నుంచో బండ్లు కట్టుకుని వచ్చినవాళ్లు తంబాకు నలుపుకునేలోపే అవతలివాడు చిత్తయిపోతే, తమను మోసం చేసినట్టు చూస్తారు. పడినవాణ్ణి చెయ్యి పట్టి లేపాలి. ముఖం మీద నవ్వో కోపమో ఏదో ఒకటి కనపడాలి.

కోహీర్ వైపు నుంచి వచ్చే ఒక పహిల్వాన్‌కు ఇవన్నీ పుట్టుకతో వచ్చినట్టుండేవి. గోదాలోకి దిగుతూనే ముందు వరసలో ఎవరో ఒకరిని పట్టుకునేవాడు. "ఏం మామా, ఎద్దు కోలుకున్నదా? అత్తకు చెప్పు, రొట్టెలు జర ఎక్కువ చెయ్యమను. పడ్డా పడగొట్టినా ఇయ్యాల మీ ఇంట్లనే తింట." ఆ మామ నిజంగా మామ కాదు. ఆ ఎద్దు సంగతి కూడా పహిల్వాన్‌కు తెలిసి ఉండదు. కానీ జనం మొత్తం ఆ పూట ఆయన చుట్టాలైపోయేవాళ్లు.

వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటి ఉండేది. మా వైపు దాన్ని పట్టి చూసుడు అనేవాళ్లు. కుస్తీకి ముందు పహిల్వాన్ ఒంటికి మన్ను పూసుకుని, కుడిచెయ్యి చాచి గోదా చుట్టూ తిరుగుతాడు. ముందు వరసల్లో కూర్చున్న రైతులు ఆ చేతిని పట్టుకుని మోచేతి నుంచి భుజం దాకా నొక్కి చూస్తారు. కొందరు వీపు చరుస్తారు. ఒకరిద్దరు పిక్కలు కూడా తడిమి, పక్కవాడితో తలాడిస్తూ ఏదో అంటారు. తాము చేత్తో పట్టి చూసినవాడే వాళ్లకు తమవాడు. ఆ తర్వాత వాడు ఓడినా ఫికర్ లేదు, వాడి పక్షానే అరుస్తారు.

ఒక ఏడు శీతాకాలంలో తాలీంకు కొత్త పహిల్వాన్ ఒకడు వచ్చాడు. కర్ణాటక సరిహద్దుకు అవతల బీదర్ వైపు ఏదో పల్లె. ఇరవై దాటిన వయసు, ముదురు నలుపు, ఒంటి మీద అనవసరమైన కండ ఒక్కటీ లేదు. ఇంట్లో కన్నడం, మా దగ్గర ఆచితూచి మాట్లాడే తెలుగు. అవునని చెప్పాలంటే 'హౌదు' అనేవాడు. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోయారు. పెంచి కుస్తీ నేర్పిన ఉస్తాద్ కిందటి వానాకాలంలో జ్వరంతో పోయాడు. ఉస్తాద్ కొడుకులు ఆ తాలీం స్థలంలో పశువుల కొట్టం వేసుకున్నారు. ఇంకో పని రాదు గనుక కుస్తీనే బతుకుతెరువు చేసుకుందామని ఇటు వచ్చాడు.

మా తాలీం ఉస్తాద్ పగలు కట్టెల అడితి నడిపేవాడు. లావుపాటి మనిషి, మోకాళ్ల నొప్పులు. మొదటి రోజే అతనితో ఉన్నమాట చెప్పేశాడు. నేను కిటికీలోంచి విన్నాను.

"ఎండాకాలం దాక ఉండు బిడ్డా. రెండు పూటల రొట్టె నేను పెడ్త. గీ జాతరల్ల నీకు పేరొచ్చి కమిటీలోళ్లు ఆకు వక్క పంపి పిలిస్తే, ఇగ నీ బతుకు నీది. పిలవలేదంటే నేనేం చెయ్యలేను. చెరుకు కొట్టే గుంపులల్ల పోవాలె."

"హౌదు ఉస్తాద్," అన్నాడు అతను.

చెరుకు కొట్టడానికి పోయిన పహిల్వాన్ మళ్లీ గోదాలోకి దిగడం అంతవరకు ఎవరూ చూడలేదు. పొద్దంతా వంగి కొట్టే పనికి నడుము పోతుంది, వేళకు తిండి ఉండదు. ఆ సంగతి చెప్పినాయనకూ తెలుసు, విన్నవాడికీ తెలుసు.

అతని మొదటి కుస్తీ కోహీర్ దగ్గరి ఒక పల్లె జాతరలో. మన్ను పూసుకుని గోదాలోకి వచ్చాడు. చేతులు రెండూ ఛాతీకి అడ్డంగా కట్టుకున్నాడు. అలాగే ఒక చుట్టు తిరిగాడు. ముందు వరసలో తెల్లమీసాల ముసలాయన ఒకరు అలవాటు కొద్దీ చెయ్యి చాచాడు.

"జర చెయ్యి ఇయ్యి బిడ్డా, చూద్దాం."

అతను ఒక్క అడుగు వెనక్కి వేశాడు. తల అడ్డంగా ఊపాడు. ముసలాయన చెయ్యి కాసేపు గాలిలోనే ఉండి, తర్వాత మెల్లగా పంచె మీదికి దిగింది.

"ఏందిరా, ముట్టుకుంటె మాసిపోతవా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"కొత్త పెండ్లికొడుకురా. పసుపు ఆరలే ఇంక."

"పెండ్లికొడుకన్న తల ఎత్తి చూస్తడు. ఈయన అదీ చూస్తలేడు."

నవ్వులు. అతనికి ఆ మాటలు ఎంత అర్థమయ్యాయో తెలియదు. కుస్తీ మటుకు చూడముచ్చటగా పట్టాడు. అవతలివాడు తనకంటే బరువు. ఆ బరువునే వాడుకుని, నడుము పట్టి, నేల మీద తిప్పి వీపు మన్నుకు తాకించాడు. పడినవాణ్ణి చెయ్యి పట్టి లేపాడు కూడా. నేను అలవాటుగా జనం వైపు చూశాను. చప్పట్లు లేవు. ముసలాయన తంబాకు నలుపుకుంటున్నాడు. కమిటీవాళ్లు కొబ్బరికాయ, తువ్వాలు చేతిలో పెట్టి తర్వాతి జతను పిలిచారు.

తర్వాత రెండు మూడు జాతరల్లోనూ ఇదే వరస. చెయ్యి ఇవ్వడు, గెలుస్తాడు, చప్పుడు లేకుండా వెళ్లిపోతాడు. జనం అతనికి 'ముట్టకు పహిల్వాన్' అని పేరు పెట్టారు. గోదాలోకి దిగగానే ముందు వరసవాళ్లు చేతులు చంకల కింద దాచుకుని, "మేం ముట్టం నాయనా, నువ్వే జర దూరం జరుగు," అనేవాళ్లు.

రాత్రి తిండికి ఇద్దరం బస్టాండ్ ఎదురుగా ఉన్న హోటల్‌కు పోయేవాళ్లం. ఉస్తాద్ పెట్టే రొట్టె కాక అతనికి రోజూ ఒక గిన్నె పాలు కావాలి. అది తాగుతూ నా ఎదురుగా కూర్చునేవాడు. ఇద్దరికీ పెద్దగా మాటలు ఉండేవి కావు. లారీలు ఆగి పోతుండేవి. డ్రైవర్లు పంజాబీలో, మరాఠీలో ఒకళ్లనొకళ్లు కేకేసుకునేవాళ్లు. మేం వాళ్లను చూస్తూ కూర్చునేవాళ్లం.

ఒకరోజు నేనే అడిగాను, చెయ్యి ఎందుకివ్వవని.

అతను పాలగిన్నె కింద పెట్టాడు. చాలాసేపు మాటలు వెతుక్కున్నాడు. "మా దగ్గర గట్ల లేదన్నా. మన్ను పూసినంక ఎవ్వరు ముట్టరాదు. మా ఉస్తాద్ ఆఖరుకు రెండు భుజాల మీద ఆయన చేతితోని మన్ను పెడ్తుండె. ఆ చెయ్యి మీద ఇంకో చెయ్యి పడొద్దు. కుస్తీ పట్టేటోనిది తప్ప."

"ఇప్పుడు ఆయన లేడు కదా."

"నేనే పూసుకుంట. భుజాలకు ఆఖర్ల పూసుకుంట, ఆయన పెట్టినట్టె." పాలగిన్నె మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "ఆయనది ఇగ అదొక్కటే ఉన్నది నా దగ్గర."

మర్నాడు అడితి దగ్గర ఈ మాట మా ఉస్తాద్‌కు చెప్పాను. ఆయన తక్కెట్లో కట్టెలు వేయిస్తూ విన్నాడు. నవ్వలేదు.

"మంచి ఉస్తాదే ఉండె. గని సారూ, ఈళ్లు రైతులు. కొమ్ములు పట్టి, పండ్లు చూసి, వీపు నిమిరి గని ఎద్దును కొనరు. చెయ్యి పెట్టనియ్యనోన్ని ఎట్ల నమ్ముతరు?"

"మీరు ఒక మాట చెప్పండి జనానికి. ఇది వాళ్ల పద్ధతి, గర్వం కాదని."

"నేను చెప్తె వాని కోసం అడుక్కున్నట్టు ఉంటది. గా మాట వాని నోటికెల్లి రావాలె. ఇప్పటిదాక ఆ గోదాల వాడు నోరు తెరవనే లేదు గద. మనిషి గొంతు ఎట్లుంటదో సుత తెలువదు జనానికి."

నేను ఆ మాట అతనికి చేరవేశాను. అతను విని, పార తీసుకుని గోదా తవ్వడానికి పోయాడు. తన తెలుగు విని నవ్వుతారన్న భయం ఉందని నాకనిపించింది. అది నిజమే అయ్యుండవచ్చు.

ఉగాది దాటింది. కోహీర్ పహిల్వాన్‌కు మూడు ఊళ్ల నుంచి ఆకు వక్క వచ్చాయి. తాలీంలో నిన్నమొన్న లంగోటా కట్టిన పిలగాడికీ ఒక పిలుపు వచ్చింది. ఇతనికి రాలేదు. న్యాల్‌కల్ వైపు నుంచి వచ్చిన కమిటీ పెద్దమనిషి ఒకాయన అడితిలో కూర్చుని ఉస్తాద్‌తో నా ముందే అన్నాడు: "పోరడు మస్తుగ పడ్తడు, కాదనను. గని వాని కోసం ఎవడు బండి కట్టుకోని వస్తడు చెప్పు?"

ఆ సీజన్‌లో చివరి పెద్ద జాతర రాయికోడ్ అవతల ఒక పల్లెలో. ఉస్తాద్ తన పాత పరిచయం వాడి, కడెం కుస్తీకి కోహీర్ పహిల్వాన్ మీద ఇతని పేరు వేయించాడు. "ఇదే ఆఖరు," అన్నాడు అతనితో. చెరుకు గుంపు మేస్త్రీ అంతకుముందే ఒకసారి వచ్చి అతని భుజాలు దూరం నుంచి చూసి పోయాడు.

ఆ రోజు నేను ముందు వరసలోనే కూర్చున్నాను. మొదటి జాతరలో చెయ్యి చాచి దించుకున్న తెల్లమీసాల ముసలాయన అక్కడి ఊళ్లో కూతురింటికి వచ్చాడట, నాకు ఇద్దరి అవతల ఉన్నాడు. కోహీర్ పహిల్వాన్ నవ్వుతూ, మామలను బావలను పలకరిస్తూ, చెయ్యి అందరికీ ఇస్తూ చుట్టు తిరిగి వచ్చాడు. ఒళ్లంతా చేతి ముద్రలు.

తర్వాత ఇతను దిగాడు. అదే చేతులు కట్టుకున్న నడక. జనంలో అప్పుడే నవ్వులు మొదలయ్యాయి. ముసలాయన దగ్గరికి రాగానే ఆయన కావాలనే మళ్లీ చెయ్యి చాచాడు. పట్టుదల మనిషి.

అతను వెనక్కి అడుగు వెయ్యలేదు. ఆగాడు. రెండు చేతులూ జోడించాడు.

"తాతా, తప్పు అనుకోకు. మా దగ్గర మన్ను పూసినంక ఉస్తాద్ చెయ్యి మీద ఇంకోళ్ల చెయ్యి పడొద్దు అంటరు. మా ఉస్తాద్ సచ్చిపొయ్యిండు. గీ భుజాల మీద ఉన్నది ఆయన చెయ్యి అనుకుంట నేను."

గొంతు సన్నగా ఉంది. అంత ఒంటికి ఆ గొంతు అనుకోరు. వెనకవాళ్లకు వినపడలేదు. "ఏమన్నడు, ఏమన్నడు?" అని అడుగుతుంటే ముందు వరసవాళ్లు తల తిప్పి చెప్పడం, ఆ మాట వరస వరసకూ నోళ్లు మారుతూ బండ్ల దాకా పోవడం నాకు వినపడుతూనే ఉంది.

ముసలాయన చెయ్యి దించలేదు. "మరి కుస్తీ అయినంక?"

"అయినంక ఇస్త."

"ఇస్తవు గద?"

"ఇస్త తాతా."

"సరే పో," అని ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కుస్తీ చాలాసేపు సాగింది. కోహీర్ పహిల్వాన్ మొదట్లో ఒకటి రెండు మాటలు విసిరి, తర్వాత అవి కూడా ఆపేశాడు. ఇద్దరి మెడలూ పెనవేసుకుని, నుదుళ్లు ఆనించుకుని, ఎద్దుల్లా నిలబడ్డారు. ఒకసారి ఇతను నడుము పట్టి ఎత్తేశాడు. అయిపోయిందనుకున్నాం. కోహీర్ మనిషి పక్కకు దొర్లి తప్పించుకున్నాడు. పొద్దు కిందికి దిగింది. ఒకచోట చెమటకు తడిసిన మన్ను మీద ఇతని పాదం జారింది. ఆ జారుడు చాలు. అవతలివాడు లోపలికి చొరబడి భుజం మీదుగా విసిరాడు. వీపు పూర్తిగా నేలకు తాకింది.

జనం లేచి కోహీర్ పహిల్వాన్‌ను ఎత్తుకున్నారు. డప్పులు మోగాయి. ఓడినవాడు సాధారణంగా ఆ సందడిలోనే వెనక దారిన జారుకుంటాడు. ఎవరూ చూడరు, చూడకూడదన్నది కూడా ఒక మర్యాదే. ఇతను లేచాడు. గోదా మధ్యలో కాసేపు నిలబడ్డాడు. ఉస్తాద్ వైపు చూశాడు. ఆయన ముఖం నేల చూస్తోంది. నేను కూడా సంచీ సర్దుకుంటున్నాను. వార్త రాసి బస్సు అందుకోవాలి.

అతను బయటికి పోలేదు. కుడిచెయ్యి చాచి ముసలాయన దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

ఓడినవాడు చెయ్యి చాచి తిరగడం ఎవరూ ఎరగరు. పక్కనున్నవాళ్లు ముఖాలు చూసుకున్నారు. ముసలాయనకే మొదట అర్థమైంది. రెండు చేతులతో ఆ చేతిని పట్టుకున్నాడు. మణికట్టు దగ్గర మొదలుపెట్టి, తొందరేమీ లేకుండా, భుజం దాకా నొక్కుతూ వచ్చాడు.

"గట్టిగనే ఉన్నది గద. మరెట్ల పడ్డవ్‌రా?"

"కాలు జారింది తాతా."

"చూసిన. నాకు కండ్లు లేవా ఏంది?"

ముందు వరస నవ్వింది. ఈసారి అతను కూడా నవ్వాడు. పక్కాయన చెయ్యి చాచాడు, ఆ పక్కాయన చాచాడు. "ఇటు ఇయ్యి, ఇటు," అని అవతలి వైపు నుంచి కేకలు. కోహీర్ పహిల్వాన్‌ను ఎత్తుకున్నవాళ్లలో కొందరు ఆయన్ను దించి ఇటు వచ్చారు. ఆయన కూడా కడెం తొడుక్కున్న చేత్తో ఇతని వీపు ఒకటి చరిచి, "అరే, నన్ను సుత చూడనియ్యిన్రి, నన్ను ఇంతసేపు సతాయించిన చెయ్యి ఎట్లున్నదో," అన్నాడు. అతను వరస వరసకూ ఆగుతూ చుట్టంతా తిరిగాడు. బండ్ల మీద కూర్చున్న ఆడవాళ్లు చూస్తున్నారు. వెనక ఉన్న ఒక గుడ్డి ముసలాయనను మనవడు నడిపించుకొచ్చాడు. ఆయన మోచేతి కింద నొక్కి, "ఊఁ," అని మాత్రం అన్నాడు. న్యాల్‌కల్ కమిటీ పెద్దమనిషి గుంపులోంచి ఉస్తాద్ దగ్గరికి వచ్చి, "వచ్చే ఏడు మా జాతరకు ముందుగల్ల మాటియ్యిన్రి," అని చెప్పడం నేను విన్నాను. ఆ ఎండాకాలం అతను చెరుకు గుంపులో పోలేదు. తర్వాత చాలా ఏళ్లు జాతరల్లో పట్టాడు. కుస్తీ అయినంకనే చెయ్యి ఇస్తాడని అందరికీ తెలిసింది. ఆ చెయ్యి కోసం చీకటి పడేదాకా ఉండేవాళ్లు.

నేను ఆ సాయంత్రం బస్సు వదిలేశాను. జనం పలచబడ్డాక వెతికితే, జాతర మైదానం వెనక ఒక చేను బావి దగ్గర కనపడ్డాడు. ఒంటరిగా గట్టు మీద కూర్చున్నాడు. ముందు నిండు బకెట్. ఒంటి మీది ఎర్రమట్టి నిండా చేతి ముద్రలు. భుజాల మీద, వీపు మీద, మెడ కింద, ఒకదాని మీద ఒకటి. పెద్దవి, చిన్నవి. ఒక ముద్రలో చూపుడు వేలు లేదు.

"నీళ్లు పోసుకోవా?" అన్నాను.

"పోసుకుంట అన్నా. జర సేపు ఉండనీ."

నేను గట్టుకు ఇవతల కూర్చున్నాను. కొంతసేపయ్యాక తనే అన్నాడు: "మా ఉస్తాద్ పోయినంక నన్ను ముట్టుకున్నోళ్లంత పడగొట్టనీకే ముట్టుకున్నరు."

మైదానంలో బండ్లు కదులుతున్న చప్పుడు వినిపించింది. ఎవరి ఊరికి వాళ్లు పోతున్నారు. అతను ఎడమ అరచెయ్యి కుడి భుజం మీది ఒక ముద్ర మీద, దాన్ని చెరపకుండా, కొంచెం ఎత్తులో ఆపి కొలత చూసుకున్నాడు. గాలికి మట్టి ఆరి, అంచుల దగ్గర పగిలి, కొద్దికొద్దిగా రాలుతోంది. బకెట్ నీళ్లు అలాగే ఉన్నాయి.